మెమరీ కార్డు స్పీడు: మీ ప్రశ్నలకు స్టూడియో అక్క జవాబులు

పోయిన సంచికలో ఫోన్ నిండిపోతే ఏం చెయ్యాలో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట అడిగాయి: మెమరీ కార్డు కొన్నాం, అది మంచిదో కాదో, స్పీడు ఎంతో ఎలా తెలుసుకోవాలి? అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మా ఆయనా నేనూ తణుకులో ఫొటో స్టూడియో నడుపుతాం. పెళ్లికి వెళ్లేటప్పుడు పెద్ద కెమెరాలతో పాటు రెండు ఫోన్లు కూడా తీసుకెళ్తాం. ఒకటి రీల్స్‌కి, ఇంకోటి రెండో యాంగిల్‌కి. ఆ ఫోన్లలో వేసే మైక్రో ఎస్‌డీ కార్డుల బాధ్యత నాది. కౌంటర్ సొరుగులో ఒక లాంగ్ నోటుబుక్ ఉంది. కొన్న ప్రతి కార్డుకీ అందులో ఒక పేజీ ఉంటుంది. కొన్న తేదీ, కొన్న రోజు వచ్చిన స్పీడు, ఆరు నెలలకు ఒకసారి మళ్లీ చూసిన స్పీడు. కింద చెప్పే అంకెల్లో నావి అన్నవి ఆ పుస్తకంలోవే.

ప్రశ్న: అక్కా, 128 జీబీ కార్డు కొన్నాను. మీద 'సెకనుకు 100 ఎంబీ' అని పెద్దగా ఉంది. ఫోన్‌లో టెస్ట్ యాప్ వేస్తే రైట్ స్పీడు 22 దగ్గరే ఆగిపోతోంది. మూడుసార్లు చూశాను. నాకు డూప్లికేట్ అంటగట్టారా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

తమ్ముడూ, తొందరపడి షాపు మీదికి వెళ్లకండి. ముందు ఆ అట్ట ముక్క తీసి, 100 పక్కన చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. 'వరకు' అని ఉంటుంది. ఇంకా కిందికి వస్తే అది రీడ్ స్పీడు అని కూడా తెలుస్తుంది. అంటే కార్డులో ఉన్నదాన్ని చదవడానికి పట్టే వేగం అన్నమాట. రాసే వేగం, అంటే రైట్ స్పీడు, దాదాపు ఎప్పుడూ దానికన్నా తక్కువే. ఒక్కోసారి నాలుగో వంతు కూడా ఉండదు. చాలామంది కంపెనీలవాళ్లు పెద్ద అక్షరాల్లో వేసేది రీడ్ స్పీడే.

మనకు పనికొచ్చే గుర్తులు కార్డు మీదే ఉంటాయి, కానీ చీమ తలకాయంత. నేను ఫిల్మ్ రోజుల్లో నెగటివ్‌లు చూసుకున్న భూతద్దం పెట్టి చూస్తాను. మీరు ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూడండి. ఇంగ్లిష్ సీ అక్షరం కడుపులో 10 ఉంటే, సెకనుకు కనీసం 10 ఎంబీ రాస్తుందని అర్థం. యూ అక్షరం లోపల 1 ఉంటే అదీ పదే. 3 ఉంటే 30. వీ పక్కన ఎంత అంకె ఉంటే అన్ని ఎంబీలు: వీ10 అంటే 10, వీ30 అంటే 30. ఎస్‌డీ కార్డుని 1999లో పానసోనిక్ (అప్పట్లో మాట్సుషిటా), శాన్‌డిస్క్, తోషిబా కలిసి తెచ్చాయి. మరుసటి ఏడాది ఎస్‌డీ అసోసియేషన్ అని ఒక సంఘం పెట్టుకున్నాయి. ఈ గుర్తులకు నియమాలు ఆ సంఘానివి. ఆ పెద్ద 100 మాత్రం కంపెనీ తన సొంతంగా చెప్పుకునే మాట. అందుకే నేను గుర్తుని నమ్ముతాను, పెద్ద అంకెని పక్కన పెడతాను.

మీ కార్డు మీద యూ1 ఉంటే 22 రావడం మంచి ఫలితమే, చెప్పినదానికి రెట్టింపు. యూ3 గానీ వీ30 గానీ ఉండి 22 వస్తే మాత్రం అనుమానించాలి. అప్పుడు కూడా ముందు ఇంకో ఫోన్‌లో, వీలైతే కంప్యూటర్ కార్డ్ రీడర్‌లో పెట్టి చూడండి. తప్పు కార్డుదా ఫోన్‌దా అన్నది అక్కడ తేలుతుంది.

ఇంకో మాట. 170, 190, 200 అని రాసిన కార్డులు కూడా ఇప్పుడు వస్తున్నాయి. ఫోన్లలో ఉండే స్లాట్ యూహెచ్‌ఎస్-1 రకం, అంటే కార్డుకీ ఫోన్‌కీ మధ్య డేటా నడిచే దారి రకం. ఆ దారిలో లెక్క ప్రకారమే 104 ఎంబీ దాటదు. వాడుకలో 80, 90 వస్తే బాగా వచ్చినట్టు. ఆ 170లూ 200లూ రావాలంటే ఆ కంపెనీ పద్ధతి తెలిసిన ప్రత్యేకమైన కార్డ్ రీడర్ కావాలి. ఫోన్ కోసమే కొనేవాళ్లు ఆ అంకె కోసం ఎక్కువ డబ్బులు పెట్టొద్దు.

ప్రశ్న: మేడమ్, మా ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్ ఒక్కటే. కార్డు స్పీడు సరిగ్గా చూసుకోవడం ఎలాగో మొదటి నుంచి చెప్పరూ.
– ఒక పాఠకురాలు, తెనాలి

తప్పకుండా చెబుతానమ్మా. ఫోన్ ఒక్కటున్నా చాలు.

కొత్త కార్డు వేశాక ముందు ఫోన్‌లోనే ఫార్మాట్ చెయ్యండి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి వెళ్తే ఉంటుంది. తర్వాత ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తెరిచి ఉన్న యాప్‌లన్నీ మూసేసి, పది నిమిషాలు ఊరికే వదిలెయ్యండి. వేడెక్కిన ఫోన్ తన వేగం తనే తగ్గించుకుంటుంది, అప్పుడు వచ్చే అంకె కార్డుది కాదు. మే నెలలో మా స్టూడియోలో కరెంటు పోయిన మధ్యాహ్నం ఒకసారి చూసిన కార్డుకీ, అదే కార్డుని తెల్లారి ఆరింటికి చూసినప్పటికీ మూడు నాలుగు ఎంబీల తేడా వచ్చింది. అప్పటి నుంచి టెస్టులు పొద్దున్నే చేస్తున్నాను. బ్యాటరీ సగానికి పైన ఉండాలి. చార్జింగ్ వైరు తీసెయ్యండి, వేడి దానివల్లే ఎక్కువ.

యాప్ కావాలంటే క్రాస్ ప్లాట్‌ఫామ్ డిస్క్ టెస్ట్ అని ఒకటుంది, పొట్టిగా సీపీడీటీ అంటారు. నేను వాడేది అదే. అందులో ఫోన్ మెమరీ, కార్డు రెండూ కనిపిస్తాయి. కార్డుని ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి. చాలామంది ఫోన్ మెమరీనే టెస్ట్ చేసి, 'నా కార్డు 300 ఇస్తోంది' అని సంబరపడతారు. ఇంకో జాగ్రత్త, టెస్ట్ ఫైలు చిన్నది పెట్టకండి. ఫైలు చిన్నదైతే ఫోన్ దాన్ని ర్యామ్‌లోనే (పని జరుగుతున్నంతసేపు ఫోన్ వాడుకునే తాత్కాలిక మెమరీ) పట్టుకుని, కార్డులో రాసేసినట్టు చెబుతుంది. కార్డులోంచి 104 దాటి చదివినట్టు అంకె వస్తే అది ర్యామ్ స్పీడని అర్థం. యాప్ ఒప్పుకున్నంత పెద్ద ఫైలు పెట్టండి. మూడుసార్లు చేసి, మధ్యలో వచ్చిన అంకె రాసుకోండి.

యాప్ లేకుండా కూడా కుదురుతుంది. నిజానికి నాకు ఈ పద్ధతే ఇష్టం, ఎందుకంటే ఇది మనం రోజూ చేసే పని. ఫోన్ మెమరీలో 2 జీబీ వీడియో ఒకటి ఉంచుకోండి. సెకన్ల ముల్లున్న గడియారం ముందు పెట్టుకోండి, ఇంట్లో ఇంకెవరి ఫోన్ అయినా ఉంటే దాంట్లో స్టాప్‌వాచ్ తెరవండి. ఫైల్ మేనేజర్‌లో ఆ వీడియోని కార్డులోకి కాపీ కొట్టి, మొదలైన దగ్గర నుంచి అయిపోయేదాకా టైము చూడండి. 80 సెకన్లు పట్టిందనుకుందాం. 2,000 ఎంబీని 80తో భాగిస్తే సెకనుకు 25 ఎంబీ. అంతే లెక్క. తర్వాత అదే బరువుకి ఫొటోలు కాపీ కొట్టి చూడండి, నాలుగేసి ఎంబీలవి 500. నా దగ్గర ఉన్న ఒక కార్డులో వీడియోకి 80 సెకన్లు, ఫొటోలకి 125 పట్టాయి. అంటే 25 కాస్తా 16 అయింది. బరువు ఒకటే. కానీ ప్రతి ఫొటోకీ కార్డులో పేరు రాసుకోవాలి, చోటు చూసుకోవాలి, పట్టికలో ఎక్కించుకోవాలి. ఆ పని 500 సార్లు.

ఫోన్‌ని వైరుతో కంప్యూటర్‌కి తగిలించి కార్డులోకి కాపీ చేస్తూ టైము చూడొద్దు. చాలా ఫోన్ల వైరు దారి యూఎస్‌బీ 2.0 రకమే. అది పుస్తకాల లెక్కలో 60 ఎంబీ, చేతికొచ్చేది 30, 40. మీరు కొలిచేది వైరుని అవుతుంది.

రెండు కార్డులు పోల్చాలంటే ఒకే ఫోన్, ఒకే ఫైలు, రెండూ అప్పుడే ఫార్మాట్ చేసినవి అయి ఉండాలి. మీ కార్డు మీ ఫోన్‌లో, మీ ఆడపడుచు కార్డు ఆవిడ ఫోన్‌లో చూసి పోల్చుకుంటే ఏమీ తేలదు.

ప్రశ్న: నేను వంటల వీడియోలు చేస్తాను. రెండు కార్డులున్నాయి. యాప్‌లో ఒకటి 38, ఇంకోటి 24 చూపిస్తోంది. కానీ ఆ 38 కార్డులోనే ఫోర్‌కే వీడియో తీస్తుంటే మధ్యలో ఆగిపోతోంది. 24 కార్డు ఎప్పుడూ ఆగలేదు. ఇదేం విచిత్రం అక్కా?
– ఒక పాఠకురాలు, నూజివీడు

ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నిట్లోకీ ఇది నాకు బాగా నచ్చింది. సరిగ్గా ఇలాంటి జంట నా పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో ఉంది.

ముందు వీడియోకి ఎంత కావాలో చూద్దాం. ఫోన్‌లో మామూలు ఫుల్ హెచ్‌డీ వీడియో సెకనుకు 2 ఎంబీ చిల్లర తింటుంది. ఫోర్‌కే, 30 ఫ్రేములది అయితే 6 ఎంబీ దాకా. గంట తీస్తే 21 జీబీ దాటుతుంది. సెకనుకు 6 ఎంబీ రాయడానికి 24 అయినా 38 అయినా బోలెడు. మరి ఎందుకు ఆగింది?

చాలా కార్డులు లోపల కొంత చోటుని గబగబా రాసుకోవడానికి విడిగా ఉంచుకుంటాయి. వచ్చిన సరుకుని ముందు అక్కడ దించేసి, ఖాళీ దొరికినప్పుడు నెమ్మదిగా అసలు చోటుకి సర్దుకుంటాయి. పెళ్లి ఇంట్లో కూరగాయల బస్తాలు వస్తే ముందు వాకిట్లో దించేస్తాం కదా, అలాగ. వాకిలి ఖాళీగా ఉన్నంతసేపూ బండి క్షణం ఆగదు. వాకిలి నిండాక లోపలికి మోసినంత మేరకే దించాలి. మీ యాప్ ఒక జీబీ రాసి 38 అని చెప్పింది, అంటే వాకిలి వేగం చెప్పింది. మీరు ఇరవై నిమిషాలు ఆగకుండా బిర్యానీ వీడియో తీసేటప్పటికి వాకిలి నిండిపోయింది. అప్పుడు కార్డు ఒకవైపు రాస్తూ ఇంకోవైపు సర్దుకుంటూ ఉంటుంది. ఏదో ఒక క్షణంలో వేగం 6 కన్నా కిందికి పడిపోతుంది. ఫోన్ కొన్ని సెకన్ల వీడియోని ర్యామ్‌లో పట్టుకుని ఓర్చుకుంటుంది, ఆ పైన రికార్డింగ్ ఆపేస్తుంది.

నా పుస్తకంలో ఏడో నంబరు కార్డు చిన్న టెస్టులో 38, మొదటి నుంచి చివరిదాకా నిండా రాస్తే సగటు 19. పన్నెండో నంబరు చిన్న టెస్టులో 24, నిండా రాసినా 23. పెళ్లికి తీసుకెళ్లేది పన్నెండో నంబరే. తాళి కట్టే నిమిషంలో ఆగకుండా రాస్తే నాకు చాలు, ఎంత గొప్పగా రాసిందో అక్కర్లేదు. వీ30 లాంటి గుర్తు చెప్పేది కూడా ఈ కనీసం గురించే. 30 కన్నా కిందికి పడనివ్వను అని హామీ. మన ఫోన్ వీడియోకి 30 అక్కర్లేకపోయినా ఆ గుర్తున్న కార్డు కొనమని చెప్పేది అందుకే.

మీరు ఇంట్లో చెయ్యాల్సిన పరీక్ష చాలా తేలిక. ఫోన్‌ని స్టాండుకి పెట్టి, ఫోర్‌కేలో నలభై నిమిషాలు కిటికీలోంచి వీధిని తియ్యండి. కార్డు సగానికి పైగా నిండి ఉన్నప్పుడు ఇంకోసారి తియ్యండి. రెండుసార్లూ ఆగకపోతే ఆ కార్డుకి వంటలు అప్పజెప్పండి. 38 కార్డుని పాటలకి, ఫొటోలకి వాడుకోండి, ఆ పనికి అది బాగానే ఉంటుంది. నలభై నిమిషాల్లో ఫోన్ బాగా వేడెక్కి అదే ఆపేస్తే మాత్రం ఆ తప్పు కార్డు మీద వెయ్యకండి. తెర మీద వేడి గురించి సందేశం వస్తుంది, చూసుకోండి.

ప్రశ్న: 64 జీబీ కార్డు కొంటే ఫోన్‌లో 59.6 అనే చూపిస్తోంది. మిగతా 4 జీబీ ఏమైంది?
– ఒక పాఠకుడు, వనపర్తి

ఎక్కడికీ పోలేదు. కంపెనీ ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కపెడుతుంది. చాలా ఫోన్లు 1,024ని 1,024తో, మళ్లీ 1,024తో హెచ్చవేసి లెక్కపెడతాయి. అలా లెక్కిస్తే 64 కాస్తా 59.6 అవుతుంది, 128 అయితే 119. కొలపాత్ర మారిందంతే, బియ్యం అంతే ఉన్నాయి.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్ని అమ్మా. ఫోన్ నిండిపోయిందని మనవడు యాప్‌లని కార్డులోకి మార్చాడు. అప్పటి నుంచి ఏది నొక్కినా గడ్డకట్టినట్టు ఉంటోంది. ఏ1, ఏ2 అని కార్డులుంటాయట. ఏ2 కొంటే బాగవుతుందా?
– ఒక పాఠకుడు, పార్వతీపురం

మాస్టారూ, నమస్కారం. బియ్యం బస్తా ఎత్తి అటక మీద పెట్టడం వేరు, చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరడం వేరు. వీడియో రాయడం బస్తా పని. యాప్ నడవడం పప్పు ఏరే పని. కార్డులో ఇక్కడ నాలుగు కేబీ, అక్కడ నాలుగు కేబీ, వేల చోట్ల తీయాలి, పెట్టాలి. సీ10, యూ3, వీ30 గుర్తులు బస్తా పని గురించే చెబుతాయి. పప్పు పని గురించి చెప్పేవి ఏ1, ఏ2.

ఏ1 గుర్తు 2016లో వచ్చింది. సెకనుకు కనీసం 1,500 సార్లు చిల్లరగా చదవాలి, 500 సార్లు రాయాలి. మరుసటి ఏడాది వచ్చిన ఏ2లో అవి 4,000, 2,000 అయ్యాయి. ఏ1 రాసే 500 సార్లని నాలుగేసి కేబీలతో హెచ్చవేస్తే సెకనుకు 2 ఎంబీ. అట్ట మీద 100 అని రాసిన కార్డు కూడా యాప్‌ల దగ్గర ఇక్కడికి దిగి వస్తుంది. ఫోన్ సొంత మెమరీ ఈ పనిలో దీనికి ఎన్నో రెట్లు ముందుంటుంది, అందుకే మార్చిన మర్నాటి నుంచే మీకు తేడా తెలిసింది.

ఏ2 కొనేముందు ఒక విషయం తెలుసుకోండి. ఏ2 అంత వేగంగా పనిచేయాలంటే ఫోన్ కూడా కార్డుతో కొత్త పద్ధతిలో మాట్లాడాలి, పనులన్నీ వరసలో పెట్టి ఒకేసారి అప్పజెప్పాలి. అది చేతకాని ఫోన్‌లో ఏ2 వేసినా ఆ లాభం రాదు. సీపీడీటీ లాంటి యాప్‌లో ర్యాండమ్ రీడ్, ర్యాండమ్ రైట్ (చిల్లరగా చదవడం, చిల్లరగా రాయడం) అని రెండు వరసలు ఉంటాయి. మీరు చూడాల్సినవి అవే. ఎవరిదైనా ఏ2 కార్డు అరగంట అప్పు తీసుకుని మీ ఫోన్‌లో ఆ రెండు వరసలూ చూడండి. మీ పాత కార్డు అంకెలకి దగ్గరగానే ఉంటే కొనకండి.

నా సలహా అడిగితే యాప్‌లని వెనక్కి ఫోన్‌లోకి తెప్పించి, ఫొటోలు, వీడియోలు, వాట్సాప్‌లో వచ్చిన పాత బరువంతా కార్డులోకి పంపమంటాను. దాచిపెట్టే పాతసామాను కార్డుకి, రోజూ వాడే సామాను ఫోన్‌కి. మనవడు కార్డుని ఫోన్ మెమరీలో కలిపేసి ఉంటే (ఆండ్రాయిడ్ 6 నుంచి కొన్ని ఫోన్లలో ఈ సదుపాయం ఉంది) ఆ కార్డుని ఉన్నపళంగా బయటికి తియ్యకండి. అది ఆ ఒక్క ఫోన్‌కే తాళం వేసి ఉంటుంది, వేరే చోట తెరుచుకోదు. ముందు అతన్నే కూర్చోబెట్టి లోపల ఉన్నవన్నీ వెనక్కి తెప్పించండి.

ప్రశ్న: సంతలో 512 జీబీ కార్డు చాలా చవగ్గా దొరికింది. స్పీడ్ టెస్టులో 20 పైన వచ్చింది, బాగానే ఉందనుకున్నాను. ఈమధ్య తీసిన ఫొటోలు తెరిస్తే బూడిదరంగు డబ్బాలు కనిపిస్తున్నాయి. పాతవి బాగున్నాయి. వైరసా?
– ఒక పాఠకుడు, పాల్వంచ

వైరస్ అనుకోను. ఇంకో ఫొటో కూడా ఆ కార్డులో తియ్యకండి. చదవడం ఇక్కడ ఆపి, కార్డు తీసి, ఉన్నవి వేరేచోటికి కాపీ చేసుకుని వచ్చి మిగతాది చదవండి.

మీరు చెప్పినదాన్ని బట్టి అది దొంగ కార్డు. లోపల ఉన్నది 32 జీబీయో, ఇంకా తక్కువో. కార్డులో ఒక చిన్న చిప్ ఉంటుంది, ఫోన్ అడిగితే నా సైజు ఇంత అని చెప్పేది అదే. దానికి 512 అని అబద్ధం నేర్పిస్తారు. ఉన్న చోటు నిండేదాకా అన్నీ సవ్యంగా జరుగుతాయి. ఆ తర్వాత వచ్చినవి పాతవాటి మీద పడతాయి, లేదా గాల్లో కలిసిపోతాయి. పేరు కనిపిస్తుంది, సైజు కనిపిస్తుంది, లోపల మాత్రం ఏమీ ఉండదు.

స్పీడ్ టెస్ట్ దీన్ని పట్టుకోలేదు, ఈ విషయం అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆ టెస్ట్ ఒకటి రెండు జీబీలు రాసి, చెరిపేసి, అంకె చెప్పి వెళ్లిపోతుంది. అంత చోటు దొంగ కార్డులో కూడా ఉంటుంది. అందుకే నేను స్పీడు కన్నా ముందు సైజు చూస్తాను.

ఇది నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను. ఆరేళ్లు దాటింది. పెనుగొండ వైపు ఒక పల్లెలో పెళ్లి. రెండో ఫోన్‌లో కొత్త 128 జీబీ కార్డు వేశాం. ఎప్పుడూ కొనే చోట కాకుండా తోవలో ఒక షాపులో తీసుకున్నది, సీలు లేదు, బిల్లు లేదు. స్పీడ్ టెస్ట్ చేశాను, 18 వచ్చింది, సరే అనుకున్నాను. అప్పగింతలయ్యాక పెళ్లికూతురి నాయనమ్మ అరుగు మీద కూర్చుని మంగళహారతి పాట పాడింది. పళ్లు లేవు, గొంతు సన్నగా వణుకుతోంది, అయినా ఒక్క చరణం వదల్లేదు. పెద్ద కెమెరాలు రెండూ అప్పటికే కారు దగ్గర ఉన్నాయి. ఆవిడ దగ్గర ఉన్నది నేనూ ఈ ఫోనూ. ఏడు నిమిషాల పాట మొత్తం తీశాను. రాత్రి స్టూడియోకి వచ్చి చూస్తే ఫైలు ఉంది, తెరుచుకోలేదు. ఏ సాఫ్ట్‌వేర్‌తో వెతికినా రాలేదు, రాయనిది ఎక్కడ దొరుకుతుంది? ఆ ఇంటికి వెళ్లి చెప్పాను. మళ్లీ వచ్చి తీసుకుంటానని మాట ఇచ్చాను. ఆషాఢం వెళ్లాక వెళ్దామనుకున్నాం, ఈలోపే ఆవిడ పోయింది. లాంగ్ నోటుబుక్ కొన్నది ఆ వారమే. మొదటి పేజీలో ఆ కార్డు ఉంది, సైజు గడిలో 128 కొట్టేసి 16 అని రాసుకున్నాను.

సైజు పరీక్ష ఇలా. విండోస్ కంప్యూటర్ ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. మ్యాక్ గానీ లినక్స్ గానీ అయితే ఎఫ్3. రెండూ కార్డు నిండా రాసి, రాసింది మళ్లీ చదివి సరిచూస్తాయి. 20 ఎంబీ స్పీడున్న 128 జీబీ కార్డు నిండా రాయడానికి గంటా నలభై ఐదు నిమిషాలు దాటుతుంది, చదవడానికి ఇంకో అరగంట. పెట్టేసి వంట చేసుకోవచ్చు. ఇందులో ఇంకో లాభం ఉంది. నిండా రాసినప్పటి సగటు స్పీడు చివర్లో చెబుతాయి. పైన నూజివీడు అమ్మాయికి చెప్పిన 19, 23 అలా వచ్చినవే. కంప్యూటర్ లేకపోతే, పెద్ద పెద్ద వీడియోలు పేర్లు మార్చి మార్చి కార్డు నిండేదాకా కాపీ కొట్టండి. ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేసి, మొదటివీ చివరివీ తెరిచి, మధ్యమధ్యలో ముందుకి జరిపి చూడండి. అన్నీ ఆడితే సైజు నిజమే.

మీ 512 కార్డు బిల్లుంటే వెనక్కి ఇచ్చెయ్యండి. లేకపోతే కత్తెరతో రెండు ముక్కలు చెయ్యండి. ఇంట్లో పడి ఉంటే ఎప్పుడో ఒకరోజు పిల్లలెవరో ఏదో ఒక ఫోన్‌లో వేస్తారు.

ప్రశ్న: రెండేళ్ల కిందట 27 ఇచ్చిన కార్డు ఇప్పుడు 11 ఇస్తోంది. పారెయ్యాలా?
– ఒక పాఠకురాలు, హోసూరు

అప్పటి స్పీడు రాసిపెట్టుకున్నందుకు ముందు మీకు అభినందనలు. అది లేకపోతే ఈ ప్రశ్నే ఉండేది కాదు.

ఎంత నిండి ఉందో చూడండి. ముక్కాలు నిండి, రాసి చెరిపి రాసి చెరిపి ఉన్న కార్డుకి ఖాళీ చోటు ముక్కముక్కలుగా ఉంటుంది, ప్రతిదానికీ ముందు సర్దుకోవాలి. అంతా వేరేచోట కాపీ చేసుకుని, ఫోన్‌లో ఫార్మాట్ చేసి, మళ్లీ అదే ఫోన్‌లో అదే ఫైలుతో చూడండి. నా కార్డుల్లో కొన్ని ఇలా చేశాక పాత అంకె దగ్గరికి వచ్చాయి. ఐదో నంబరుది మాత్రం రాలేదు. 26తో మొదలై, ఫార్మాట్ చేశాక కూడా 12 దాటలేదు. రాసే కొద్దీ కార్డు లోపలి గదులు అరుగుతాయి, దానికి మందు లేదు. కొన్ని కార్డులు చివరికొచ్చాక ఇక రాయనివ్వవు, చదవనిస్తాయి అంతే. ఫొటో చెరిపినా మళ్లీ ప్రత్యక్షం అవుతుంటే ఆ దశకి వచ్చిందని. అప్పుడు ఉన్నవి కాపీ చేసుకుని సెలవిచ్చెయ్యండి.

ఫార్మాట్ చేశాక మీది 20 దాటితే నిశ్చింతగా వాడుకోండి. 11 దగ్గరే ఉంటే కొత్త ఫొటోలు దానికి ఇవ్వకండి. మా ఐదో నంబరు ఇప్పుడు మామయ్యగారి ఎఫ్ఎం స్పీకర్లో ఉంది, పాత పాటలన్నీ దాంట్లోనే. పోయినా ఇంకో కాపీ ఉంది.

ప్రశ్న: మీరు కార్డులకి గోళ్లరంగు చుక్కలు పెడతారని పోయినసారి రాశారు. నేనూ పెట్టాను, ట్రేలో ఇరుక్కుపోయింది అక్కా!
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

అయ్యో, నేను సరిగ్గా రాయలేదు, క్షమించండి. చుక్క పెట్టేది ప్లాస్టిక్ డబ్బాకి, కార్డుకి కాదు. కార్డు మీద సన్న మొన మార్కర్ పెన్నుతో అంకె మాత్రమే వేస్తాను, అదీ రాత ఉన్న వైపు. బంగారు రంగు గీతలున్న వైపు ఏదీ తగలకూడదు. ఇరుక్కున్నదాన్ని పిన్నీసుతో పొడవకండి. ఫోన్ ఆపి, ట్రేతో సహా రిపేరు షాపుకి తీసుకెళ్లండి. కార్డు బయటికొచ్చాక దూదికి కాస్త స్పిరిట్ అద్ది ఆ రంగుని మెల్లగా రుద్దండి. గోళ్లరంగు తీసే మందు మాత్రం వాడొద్దు, అది ప్లాస్టిక్‌ని తినేస్తుంది. తర్వాత ఒకసారి స్పీడు చూసి, మీ నోటుబుక్‌లో రాసుకోండి.